ఎర్ర గోళీ, తెల్ల గోళీ: రేగుంట అవతల ఒక ఎరువు గుంట చూసి వచ్చాను

ఈ ప్రయాణానికి కారణం ఒక బీరపాదు. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. కొన్నాళ్లు లారీ క్లీనరుగా, కొన్నాళ్లు కోత మిల్లులో చేసి, ఇప్పుడు చెన్నూరులో ఒక మేస్త్రీ దగ్గర, గుంటల్లో దించే గుండ్రటి సిమెంటు వరలు పోసే పనిలో ఉన్నాను. మేము కట్టేవి రెండు గుంటల మరుగుదొడ్లు. ఒక గుంట నిండితే మూసేసి ఏడాదిపాటు ముట్టుకోరు, ఈలోపు రెండోది వాడతారు. ఏడాది తర్వాత మూత తీస్తే వాసన లేని నల్లటి ఎరువు ఉంటుంది, చేనుకు వేసుకోవచ్చు. ఈ మాట మేస్త్రీ ప్రతి ఇంట్లోనూ చెబుతాడు, నేను పక్కన నిలబడి తల ఊపుతాను. మొన్న ఫాల్గుణమాసంలో ఒక ఇంట్లో తల ఊపడం కుదరలేదు. బీడీలు చుట్టే ఒకావిడ, గుంటలు తవ్వడం అయ్యాక, వరలు దించబోతుంటే వచ్చి అడ్డం నిలబడింది. "మా ఆయన టీబీ గోళీలు మింగవట్టి ఆరు నెలలాయె. గా మందంత గుంటలనే వడ్తది గద. గా ఎరువు బీరపాదుకు పెడితే, గా బీరకాయలు తింటే నా పిల్లలకేమన్న అయితదా?" అని అడిగింది. "మట్టిల వడ్డది మట్టే అయితది" అని మేస్త్రీ నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. తెలిసేదాకా వరలు దించొద్దంది.

మూడు రోజులు పని ఆగింది. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ప్రాణహిత అవతల, మహారాష్ట్రలో, రేగుంట దాటాక ఒక చిన్న ఊళ్లో కుష్టు రోగానికి ఎర్ర గోళీలు మింగేవాళ్లు వేరే గుంట పెట్టుకున్నారని మా ఊరి పడవలవాడు ఒకడు చెప్పాడు. అంటే ఈ ప్రశ్న అక్కడెవరికో ముందే వచ్చిందన్నమాట. వెళ్లి చూసి వస్తానని మేస్త్రీకి చెప్పి, ఒక జత బట్టలు, కొలత టేపు సంచిలో వేసుకుని బయల్దేరాను. ఇలాంటి గుంటలు కట్టించుకోవాలనుకునేవాళ్లకు, వెళ్లి చూడాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

చెన్నూరులో మధ్యాహ్నం ఒంటిగంటకు అర్జునగుట్ట బస్సు ఎక్కాను. టికెట్టు మూడు రూపాయలు. బస్సు దిగి రేవుకు నడిస్తే, ఈ కాలంలో నీళ్లు సగమే ఉంటాయి, మిగతా సగం ఇసుక. పడవకు రూపాయి. ఇసుకలో నడక మాత్రం ఉచితం, కానీ కాళ్లు కాలిపోతాయి. "చెప్పులు చేతిల వట్టుకోకు తమ్మీ, కాళ్లకే ఉంచుకో. పట్నపోళ్లు ఇసుకను చూసి సినిమాల లెక్క చెప్పులిప్పుతరు, ఇగ గంతులేసుకుంట పోతరు" అన్నాడు పడవ నడిపే పెద్దమనిషి. నేను పట్నం వాణ్ని కాదని చెప్పే లోపే చెప్పులు విప్పేసి ఉన్నాను. గంతులు వేసుకుంటూనే అవతలి ఒడ్డు చేరాను.

సిరోంచ చూస్తే పరాయి రాష్ట్రంలో ఉన్నట్టే అనిపించదు. బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరం తెలుగులో జరుగుతుంది, కోపం వస్తే ఉర్దూలో తిట్టుకుంటారు. చాంద, అంటే చంద్రపూర్ జిల్లా విడగొట్టి గడ్చిరోలి జిల్లా చేసి ఐదారేళ్లు అయినా ముసలివాళ్లు ఇంకా "చాంద జిల్లా" అనే అంటున్నారు. బస్టాండు పక్కన ఒక చాయ్ హోటల్లో కూర్చుని నా పని చెప్పాను. హోటల్ నడిపే చాచా తాతల నాటి నుంచి సిరోంచలోనే ఉన్నవాడు. విని, చాయ్ వడపోసే గుడ్డ పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గింత దూరం దొడ్డి చూడనీకి వచ్చినవా బేటా? మా ఊర్ల కోట ఉన్నది, నదుల సంగమం ఉన్నది. జనం గవి చూడనీకి వస్తరు" అన్నాడు. పక్క బల్ల మీద ఇద్దరు పగలబడి నవ్వారు. తర్వాత ఆయనే, "జర ఆగు. గోళీల సారు రేపు పొద్దుగాల గటే పోతడు. ఆయనతోని పో" అని చెప్పి, హోటల్ వెనక బల్ల మీద పడుకోనిచ్చాడు. పూరీ కూర రూపాయిన్నర, చాయ్ అర్ధరూపాయి. బల్లకు ఏమీ తీసుకోలేదు.

గోళీల సారు పేరు వాసుదేవ్, ఆష్టి దగ్గరివాడు. వయసు ముప్పై దాటలేదు. కుష్టు రోగులకు ఊరూరా తిరిగి మందులిచ్చే సర్కారు పని ఆయనది. కుష్టును ఈ వైపు పెద్దరోగం అంటారు. పొద్దున ఏడింటికి ఆలాపల్లి వైపు వెళ్లే ఎర్ర బస్సులో ఇద్దరం ఎక్కాం. రేగుంట మలుపు దాకా నాలుగు రూపాయలు. ఆయన తెలుగులో మరాఠీ కలిసి ఉంటుంది. బస్సు గోతుల్లో పడి లేస్తుంటే అంతా ఆయనే చెప్పాడు. మేము వెళ్లేది పోశం, రాజవ్వ అనే మొగుడూ పెళ్లాల ఇంటికి. రాజవ్వకు రోగం ఉందని తెలిసినప్పటి నుంచి ఊరు వాళ్లను దూరం పెట్టింది. వాళ్ల ఆవును మందలో తోలనివ్వలేదు. ఆవును అమ్ముకోవాల్సి వచ్చింది. దారిన పడ్డ పేడ కూడా ఎత్తుకోనివ్వలేదు. ఎకరం మెట్ట చెలక ఉంది, దానికి వేయడానికి ఎరువు లేదు. అందుకే రెండు గుంటల దొడ్డి కట్టుకుని, తమ గుంట ఎరువే తమ వంకాయ తోటకు వేసుకున్నారు. తోట మనిషి నడుమెత్తు పెరిగింది. పక్క చేను మల్లేశం నాలుగు నెలలు గట్టు మీద నిలబడి చూసి చూసి, చివరికి తనే అడిగాడు.

"ఆజ్ బండి తెస్తడు" అన్నాడు వాసుదేవ్. "తన పేడ ఒక బండి వీళ్లకు ఇస్తడు. వీళ్ల గుంట ఎరువు తన మిర్చికి తీస్కపోతడు. రెండేండ్లల ఊరోడు ఆ ఇంటికి బండి తోలుకొని వచ్చుడు ఇదే పహిలే సారి. నేను గోళీలిస్త, రోగం తగ్గుతది. కానీ బండి రావాలంటే నా దగ్గర గోళీ లేదు." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో పరీక్ష రాసి ఫలితం కోసం చూసే పిల్లాడి ఆత్రం వినిపించింది.

మలుపులో దిగి, రేగుంటలో ఆయన దాచుకున్న సైకిల్ తీసుకున్నాం. అక్కడి నుంచి దాదాపు గంటసేపు అడవి పక్క బాట. సగం దూరం నేను తొక్కాను, సగం దూరం ఆయన. ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని రాజవ్వ అడిగింది. రేగుంటలో గోళీల సారు అంటే ఎవరైనా దారి చూపిస్తారు.

రాజవ్వకు నలభై లోపే ఉంటుంది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు కొద్దిగా లోపలికి వంగి ఉన్నాయి. అంతకుమించి రోగం ఏమీ కనిపించలేదు. పోశం ఆమె కన్నా పొట్టి, మాట తక్కువ. నేను వరలు పోసేవాణ్నని చెప్పగానే ఆమె చీపురు పక్కన పడేసి నేరుగా గుంటల దగ్గరికి తీసుకుపోయింది. "నీ వరలు మంచిగనే ఉంటయేమో తమ్మీ, మావి బండలు పేర్చినం. వానకాలం గూడ కూలలె, సూడు" అంది. దొడ్డి వెనక రెండు గుంటలు. ఒకటి వాడుకలో ఉంది. రెండోది తెరిచి, తోటకు వేయగా మిగిలిన ఎరువు కుప్ప పోసి మోదుగాకులు కప్పారు. పిడికెడు తీసి వాసన చూశాను. మొదటి వాన తర్వాత అడవి నేల వాసన వచ్చింది. కుప్ప కింద వానపాములు కదులుతున్నాయి. బండిలో సగానికి వస్తుంది.

ఇరవై అడుగుల అవతల, బావికి దూరంగా, ఇంకో చిన్న గుంట ఉంది. చుట్టూ తంగేడు కొమ్మలు గుచ్చి ఉన్నాయి. నేను వచ్చింది దాన్ని చూడటానికే.

"గిది ఎర్ర గుంట" అంది రాజవ్వ. నెలకోసారి సారు వచ్చి తన కళ్లముందే ఎర్ర గోళీలు మింగిస్తాడు. ఆ రోజు, మర్నాడు మూత్రం కుంకుమ నీళ్లలా ఎర్రగా వస్తుంది. మొదటిసారి ఆమె రక్తం అనుకుని ఏడ్చేసింది. భయపడకు, అది మందు బయటికి పోయే రంగు అని సారు చెప్పాడు. ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. ఎర్రగా వచ్చినన్ని రోజులు దొడ్లోకి పోకుండా ఈ గుంటకే వస్తుంది. రంగు పోయి తెల్లగా అయ్యాకే మళ్లీ దొడ్డి. "మందు తోటల వడొద్దు గద తమ్మీ. మేము తినేది, రేపు మంది తినేది" అంది. ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు. ఆమె సొంతంగా ఆలోచించుకుంది. నేను టేపుతో దూరాలు కొలిచి చేతి మీద రాసుకున్నాను. బీడీల ఆవిడకు చెప్పడానికి జవాబు దొరికిందని సంబరపడ్డాను.

పదకొండింటికి అన్నం పెట్టారు. జొన్న రవ్వతో వండిన గటక, వంకాయ కూర, పచ్చిమిర్చి. ఆ వంకాయలు ఏ ఎరువుతో పెరిగాయో తెలుసు కాబట్టి మొదటి ముద్ద దగ్గర కొంచెం ఆగాను. పోశం చూశాడు. "తిను, తిను. సారు పోయిన సారి నాలుగు కాయలు సంచిల గూడ ఏసుకపోయిండు" అన్నాడు. వాసుదేవ్ నోట్లో ముద్దతోనే తల ఊపాడు. కూర చాలా బాగుంది, రెండోసారి అడిగి వేయించుకున్నాను.

తిన్నాక సారు తన పని మొదలుపెట్టాడు. ఎర్ర గోళీలు కాకుండా, రోజూ ఇంట్లో మింగడానికి తెల్ల గోళీలు ఇస్తారు. నెలకు సరిపడా ఒక పొట్లం. కొందరు అవి మింగకుండా పారేస్తారట. అందుకని మూత్రం పరీక్ష చేస్తారు. రాజవ్వ ఒక చిన్న సీసాలో తెచ్చి ఇచ్చింది. సారు సంచిలోంచి మందు పూసి ఆరబెట్టిన కాగితం ముక్క తీసి దాని మీద ఒక చుక్క వేశాడు. చూస్తుండగానే చుక్క చుట్టూ పసుపు రంగు పాకింది.

"బరోబర్. రోజూ మింగుతున్నవ్. శాబాష్" అన్నాడు సారు.

రాజవ్వ ఆ కాగితాన్నే చూస్తూ ఉంది. "గా పసుపేంది సారూ?"

"తెల్ల గోళీ. మింగినోళ్ల ఉచ్చల దొరుకుతది. మింగకపోతే రంగు రాదు."

"అంటే తెల్ల గోళీ గూడ ఉచ్చల వోతదా?"

"పోతది."

"రోజూ?"

"రోజూ మింగుతున్నవ్ గదా, రోజూ పోతది."

ఆమె తల తిప్పి మోదుగాకుల కుప్ప వైపు చూసింది. "మరి గా ఉచ్చ యాడికి వోయింది సారూ?"

 నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక చేతి మీద రాసుకున్న కొలతలు చూసుకున్నాను. ఆమె నెలలో రెండు రోజులు ఎర్రటి మూత్రాన్ని వేరే గుంటలో పోసింది. మిగతా రోజులన్నీ రంగు లేని మందు నేరుగా ఎరువు గుంటలోకే పోయింది. కంటికి కనిపించేదే మందు అనుకుంది. వాసుదేవ్ నుదురు పట్టుకున్నాడు. "తప్పు నాది. ఎర్ర రంగు గురించి చెప్పిన, తెల్లదాని గురించి చెప్పలే. నేనే ఆలోచించలే. ఎర్ర గుంట చూసి ఎంత మంచి పని అనుకున్న" అన్నాడు. తర్వాత తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. వేళ్లకు వంకాయ కూర ఇంకా అంటుకుని ఉంది. పోశం అది కనిపెట్టాడు. "ఇగ ఇప్పుడు చూసుకుంటే ఏం ఫాయిదా సారూ? నాలుగు కాయలు ఇంటికి గూడ తీస్కపోతివి."

నవ్వు వచ్చింది కానీ ఎంతోసేపు నిలవలేదు. ఊరి వైపు నుంచి బండి చక్రాల చప్పుడు వినిపిస్తోంది.

పోశం లేచి నిలబడ్డాడు. ఆ పూటంతా అతను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. "రాజీ, ఒక్క ముచ్చట. మల్లేశంకు ఇదంత చెప్పకు. చెప్తే బండి మర్లిపోతది. ఇగ మళ్ల ఏ బండి రాదు. సారుకే తెల్వని సంగతి మనకెందుకు?"

"రెండేండ్ల సంది ఊరికేం చెప్పుకుంట వచ్చినం? మేము ఏం దాస్తలేము, మందు మింగుతున్నం, మంచిగైతున్నం అని. ఇయ్యాల గిదొక్కటి దాస్తే గవన్ని ఉత్త మాటలైతయి" అంది రాజవ్వ.

"నిజం చెప్పి ఏం దొరికింది మనకు? ఆవు పోయింది."

"ఆవు పోతే పోయింది. ఆయన మిర్చి చేన్ల ఏసుకుంటడు, ఆయన పిల్లలు తింటరు."

పోశం వాసుదేవ్ వైపు చూశాడు, సారు నేల వైపు చూశాడు. నా వైపు చూస్తారేమోనని నేను గుంట అంచున ఉన్న బండలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

మల్లేశం బండి దొడ్డి ముందుకు వచ్చింది. నిండా పేడ. మనిషి పొడుగు, తలకు తువ్వాల. దూరం నుంచే, "ఏంది సారూ, నాకు గూడ గోళీలిస్తవా? పేడ ఎత్తి ఎత్తి నడుము వోయింది" అని అరిచాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఎడ్లను ఆపాడు. "ఏమైంది వదినె? అందరు గిట్ల కూసున్నరేంది?"

రాజవ్వ బండి దగ్గరికి వెళ్లి, నాలుగు అడుగుల దూరంలో ఆగింది. అంత దూరంలో ఆగడం ఆమెకు అలవాటైపోయినట్టుంది. కాగితం ముక్క చూపించి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎర్ర గోళీ సంగతి, తెల్ల గోళీ సంగతి, ఇప్పటిదాకా తను పొరపడ్డ సంగతి. ఎక్కడా గొంతు తగ్గించలేదు.

మల్లేశం విని సారును అడిగాడు. "ఒక్కటే మాట చెప్పు. గా కుప్పల మందు ఉన్నదా, లేదా?"

"తెల్వదు" అన్నాడు వాసుదేవ్.

"సర్కారోనివి. నీకే తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తది?"

"ఏడాది మట్టిల ఉన్నది. కొంత పోయి ఉంటది, అంత పోయిందో లేదో తెల్వదు. పెద్ద దవాఖానకు చిట్టీ రాస్త. వాళ్లకు గూడ తెల్వకపోవచ్చు."

సారుకు అంతటితో మనసు ఊరుకోలేదు. కుప్పలోంచి పిడికెడు ఎరువు గిన్నెలో వేసి నీళ్లు పోసి, గుడ్డలో వడగట్టి, ఇంకో కాగితం మీద చుక్క వేశాడు. దూరంగానే నిలబడ్డ రాజవ్వ తప్ప మిగతా నలుగురం తలలు ఆనించి వంగి చూశాం. నీళ్లే మట్టి రంగులో ఉంటే కాగితం మీద ఏం రంగు వచ్చిందో ఎవరికి తెలుస్తుంది? "నాకు పసుపు కనవడలె" అన్నాడు సారు, కాగితాన్ని ఎండకు పట్టి. "కానీ ఈ కాగజ్ ఉచ్చ కోసం చేసింది, ఎరువు కోసం కాదు. మందు లేదని నేను సంతకం వెట్టను."

"గా నీళ్లు చూస్తే చాచా హోటల్ చాయ్ లెక్కనే ఉన్నయి" అన్నాడు మల్లేశం. తర్వాత బండి ముందుకు వెళ్లి ఎడ్లను కాడి నుంచి విప్పాడు.

పోశం ముఖం తిప్పుకున్నాడు. ఎడ్లను విప్పింది బండిని వెనక్కి తిప్పుకోవడానికే అని నేనూ అనుకున్నాను. కానీ మల్లేశం ఎడ్లను కంచెకు కట్టేసి, వెనక్కి వచ్చి, బండి కాడిని రెండు చేతులతో పైకి లేపాడు. బండి వెనక్కి వాలింది. పేడంతా ఒక్కసారిగా రాజవ్వ వంకాయ తోట గట్టు మీద జారి పడింది.

"నిరుడు నా మిర్చి చేనుకు ఎండ్రిన్ పురుగుమందు కొట్టిన" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటది. గా మిర్చి సిరోంచ అంగట్ల అమ్మిన, నా ఇంట్ల గూడ తిన్నం. డబ్బా అమ్మినోడు ఒక్కనాడన్న వచ్చి, మల్లేశా, గీ కాయల మందు ఉన్నది జర చూసుకో అన్నడా? ఏ కాగితమన్న వెట్టి చూపిచ్చిండా? వదినె నా బండికి అడ్డమొచ్చి చెప్పింది." కుప్ప వైపు తిరిగి, "మిర్చికి వద్దు. పత్తికేస్త. పత్తి ఎవలు తినరు గద" అన్నాడు.

"పత్తి గింజలు ఎడ్లకు వెడ్తవు గద మల్లేశా?" అంది రాజవ్వ.

"ఇగ చాలు, నోరు ముయ్యే!" పోశం దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు. మల్లేశం పగలబడి నవ్వాడు. "గీ యేడు గింజలు వెట్టను. సరేనా వదినె? ఇంకేమన్న ఉన్నదా?"

ఇంకోటి ఉంది, అది నా వంతుకు వచ్చింది. ఇకమీదట రోజూ మూత్రం వేరే గుంటకే పోవాలి. సారు లెక్క ప్రకారం మందులో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. కానీ ముట్లప్పుడు, వానకాలంలో రోజూ ఇరవై అడుగులు నడవడం కష్టం. వాళ్ల ఇంటి కప్పుకు వేయగా మిగిలిన పెంకులు గోడకు ఆనించి ఉన్నాయి, గొట్టాన్ని నిలువునా కోసినట్టు వంపుగా ఉండేవి. ఆ వంపు చూడగానే చేతులు ఊరుకోలేదు. దొడ్డి బండకు ముందువైపు చిన్న పల్లం చెక్కి, అక్కడి నుంచి పెంకులు ఒకదాని కింద ఒకటి వెల్లకిలా పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తి, ఎర్ర గుంట దాకా కాలువ చేశాను. వాలు సరిపోతుందో లేదో చెంబుతో నీళ్లు పోసి చూశాం. నీళ్లు ఆగకుండా పోయి తంగేడు కొమ్మల మధ్య ఇంకాయి. గంటన్నర పట్టింది, పైసా ఖర్చు కాలేదు. రాజవ్వ ఆ కాలువ పొడుగునా నడిచి చూసి, "ఎర్ర దినాలు, తెల్ల దినాలు ఇగ అన్ని ఒక్కటే" అంది. ఆ గుంట చుట్టూ తినేదేదీ వేయొద్దని సారు చెప్పాడు.

ఎరువు బండికి ఎత్తడానికి మల్లేశం దగ్గర ఒకటే తట్ట ఉంది. రెండోది రాజవ్వ తెచ్చింది. తట్ట చేతులు మారేటప్పుడు ఆమె మళ్లీ నాలుగు అడుగులు వెనక్కి జరగబోయింది. "గట్ల జరిగితే నేను ఒక్కన్నే ఎత్తుకోవాల్నా? నడుము వోయిందని చెప్తినా లేదా?" అని కసిరాడు మల్లేశం. ఆమె నిలబడిపోయింది. తట్టలు చేతి నుంచి చేతికి పోయాయి. ఎరువంతా ఎత్తాక పోశం ఎడ్ల ముందు నిలబడి, వాగు పక్క నుంచి పొమ్మని దారి చూపించాడు. ఊళ్లోంచి పోతే పది నోళ్లు లేస్తాయని. "వాగు ఇసుకల దిగవడ్తే ఎవలు లాగుతరు? నీ పెండ్లమా?" అని మల్లేశం బండిని ఊరి నడిమి బాటకే తిప్పాడు. ఇళ్ల ముందు జనం లేచి చూశారు. ఒకామె ఏం తోలుకపోతున్నవని అడిగింది. "రాజవ్వ వదినె ఎరువు, పత్తికి" అని అడిగిన దానికి సరిపడా గొంతుతోనే చెప్పి ముందుకు పోయాడు. ఆ వెనకే మేము సైకిల్ నడిపించుకుంటూ ఊరు దాటాం.

మూడున్నరకు రేగుంట చేరాం, వాసుదేవ్ అక్కడే ఆగిపోయాడు. మలుపులో కర్రల లారీ ఆగితే రెండు రూపాయలిచ్చి ఎక్కి, పొద్దుగూకక ముందే చివరి పడవ అందుకున్నాను. మర్నాడు చెన్నూరులో బీడీల ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆమె అడిగిన దానికి జవాబు నా దగ్గర లేదు. ఏడాది తర్వాత ఎరువులో మందు ఎంత మిగులుతుందో గోళీలిచ్చే మనిషికే తెలియదని, నాకూ తెలియదని ముందే చెప్పాను. ఎండ్రిన్ డబ్బా సంగతి, పెంకుల కాలువ సంగతి, ఒక మనిషి తన ఇంటికొచ్చిన బండికి తనే అడ్డం నిలబడ్డ సంగతి కూడా చెప్పాను. మేస్త్రీ పక్కన నిలబడి గొణుగుతూనే ఉన్నాడు. ఆవిడ అంతా విని, కాలువ కూడా కడితేనే వరలు దించండి, మా ఆయన మందులు అయిపోయేదాకా ఆ ఎరువు బీరపాదుకు కాకుండా కంచె చెట్లకు పోస్తాను అంది. మట్టిలో పడింది మట్టే అవుతుందని చెప్పినప్పుడు ఆపిన పని, తెలియదు అని చెప్పాక మొదలైంది. బడిలో తెలియదు అంటే నాకు దెబ్బలు పడేవి. అందుకే కాబోలు ఆ మాటకు ఇంత బలం ఉందని ఇన్నాళ్లూ తెలియలేదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఎరువు కోసమే ఒక కాగితం తయారుచేస్తారు. అప్పటిదాకా పని నడవడానికి గుంట పక్కన ఇంకో గుంట, నాలుగు పెంకులు, నిజం చెప్పే ఒక మనిషి సరిపోతారనిపిస్తోంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. సిరోంచలో అడిగి గోళీల రోజు ఎప్పుడో తెలుసుకుని, ఏడింటి బస్సుకే వెళ్లండి, లేకపోతే ఇంట్లో ఎవరూ దొరకరు, చేన్లలో ఉంటారు. వెళ్లాక ఎరువు గురించి ఎంతసేపైనా అడగండి. వేళ్ల గురించి అడగకండి.